అడుగు మూసిన పెట్టెలు

అన్నకు, షార్జా నుంచి నీ చెల్లె రజిత దండాలు.

నేనూ మీ బావా బాగున్నాం. సిరిసిల్లలో నువ్వు, వదిన, పిల్లలు, అవ్వ ఎలా ఉన్నారు? అవ్వ మోకాళ్ళకు రాయికల్ డాక్టరు ఇచ్చిన మందు పనిచేస్తోందా? షెడ్డులో మగ్గాల సాంచాలు రెండు పూటలా నడుస్తున్నాయా? ఇక్కడి ఎండ గురించి మీరు బెంగపడకండి. షాపులో ఏసీ ఉంటుంది. బయటికి వస్తేనే పొయ్యి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. వేళకు తింటున్నాం, నిజంగానే తింటున్నాం. పచ్చిపులుసు మాత్రం అవ్వ చేసినట్టు కుదరడం లేదు.

పోయిన వారం ఫోన్లో "ఏమైంది చెల్లె, గొంతు గట్లున్నదేంది?" అని అడిగావు. పక్కన మనుషులుండి చెప్పలేకపోయాను. ఇప్పుడు అంతా రాస్తున్నాను.

మా షాపులో రుద్రంగి నుంచి వచ్చిన రాజేశం కాక ఉన్నాడు. నేను కంప్యూటర్లు బిగిస్తే, ఆయన మోసుకెళ్ళి ఇచ్చి వస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఊళ్ళో ఆయన బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. మనుమరాలిని చూడడానికి సెలవు అడిగి, సూట్‌కేసు కూడా సర్దుకున్నాడు.

అంతలో, జనానికి వీసా దరఖాస్తులు నింపి పెట్టే ఒక టైపింగ్ సెంటర్‌కు మేమిచ్చిన ఎనిమిది కంప్యూటర్లూ మధ్యాహ్నం కాగానే ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. వీసా కాగితాలు సగంలో ఉండగానే తెర నల్లబడుతుంది. కాసేపయ్యాక మళ్ళీ నడుస్తుంది. వాళ్ళు వచ్చి అరిచారు. మా యజమాని రాజేశం కాక వైపు తిరిగి, "నువ్వే ఎక్కడో కింద పడేసి ఉంటావు. ఇక సెలవు సంగతి కాదు, నీ ఉద్యోగం సంగతి చూడాలి" అన్నాడు.

తర్వాత కాక నా బల్ల దగ్గరికి వచ్చి, "నేను పడగొట్టలే బిడ్డా. గని ఎవ్వలు నమ్ముతరు?" అన్నాడు.

వెనక్కి వచ్చిన ఒక కంప్యూటర్‌ను ఆ సాయంత్రం నేనే చూశాను. దాంట్లో కరెంటు పంచే డబ్బా ఒకటి ఉంటుంది, పవర్ సప్లై అంటాం. దానికీ ఒక ఫ్యాను. నేను జగిత్యాలలో నేర్చుకున్నప్పుడు ఆ డబ్బా పైన ఉండేది, లోపలి వేడిని లాగి వెనక నుంచి బయటికి ఊదేది. ఇప్పటివాటిలో అడుగున పెడుతున్నారు. పెట్టె అడుగున జల్లెడలా రంధ్రాలుంటే ఫ్యాను కిందికి తిప్పి బిగిస్తాం, బయటి చల్లగాలి పీల్చుకుంటుంది. నేను అలవాటుగా ఎనిమిదింటికీ అలాగే బిగించాను. పెట్టెను పక్కకు పడుకోబెట్టి అడుగు తడిమితే, ఒక్క రంధ్రం లేదు. వట్టి రేకు! ఫ్యాను ముక్కు మూసి బిగించింది నేనే అన్నా. గాలి ఆడక డబ్బా కాగిపోయి తనంతట తానే ఆగిపోతోంది.

నన్ను ఆరు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు, నాలుగే అయ్యాయి. నోరు మెదపకుండా గదికి వచ్చేశాను. ఆ మాట నీతో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మీ బావకు చెబితే, "చెప్తే నీ పని పోవచ్చు. చెప్పకుంటే నీకు బుక్క దిగుతదా?" అన్నాడు. ఆ పూట నిజంగానే అన్నం ముద్ద దిగలేదు.

పొద్దున్నే వెళ్ళి పెట్టె అడుగు చూపించి, తప్పు నాదేనని యజమానికి చెప్పేశాను. ఆయన నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, "అన్నీ సరిచేసి రా" అన్నాడు, అంతే. నేనూ కాకా టైపింగ్ సెంటర్‌కు వెళ్ళాం. ఆయన ఒక్కొక్కటి ఎత్తి బల్ల మీద పెడుతుంటే, నేను మరలు విప్పి ఫ్యాను పైకి తిప్పి బిగించాను. లోపలి గాలి కొంచెం వేడిదే అయినా, అసలు ఆడని దానికంటే నయం. వాళ్ళు తలుపులు మూసేదాకా అక్కడే కూర్చున్నాం. ఒక్కటీ ఆగలేదు.

నన్ను చూసే గడువు ఇంకో మూడు నెలలు పెంచారు, పని మాత్రం ఉంది. కాకకు సెలవు వచ్చింది. యజమాని తప్పైందని అనలేదు, కాగితాలు చేతికిచ్చాడు. నేను క్షమించమంటే కాక నవ్వి, "పనైతే ఇంకోటి దొరుకుతుండె బిడ్డా. గని సామాను పడగొట్టినోడన్న పేరుతోని పోతే, మనుమరాలిని ఎత్తుకోవాలంటే నాకే భయమైతుండె" అన్నాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

అన్నా, నీ షెడ్డులో డిజైన్ల కంప్యూటర్ నేల మీద పెట్టావని విన్నాను. ముక్కాలి పీట మీదికి ఎత్తి, వెనక గోడకు జానెడు దూరం జరుపు. వారానికోసారి నూలు దుమ్ము బ్రష్షుతో దులుపు. ఊదవద్దు, ఉమ్ము పడుతుంది. వీలైతే అవ్వ పెట్టిన మామిడికాయ తొక్కు కొంచెం పంపించు.

అవ్వకు, వదినకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. ఈ గడువు తీరేదాకా తలెత్తుకుని పనిచేసేలా మీరంతా నన్ను దీవించండి.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషే రాజేశం కాక. చాయ్ తాగించి, బండి మీద రుద్రంగి బస్సు దాకా దింపు. సూట్‌కేసు నువ్వు పట్టుకుంటానంటే ఇవ్వడు. ఆయననే మోసుకోనివ్వు.

నీ చెల్లె,
రజిత