నోరెత్తని పెట్టె

పార్సెల్ ఆఫీసు పెద్దాయనకి,

నమస్కారం. నా చదువు రెండో తరగతి. కాబట్టి తిన్నగా చెప్తా.

నిన్న మా ఊళ్లో ఉన్న మీ కౌంటరుకి గాజు పక్షుల పెట్టె తెచ్చా. అక్కడి అమ్మాయి తీసుకోలేదు. గాజు సామాను ఏదైనా సరే, మీరు అమ్మే పెట్టెలో పెట్టి, మీరు అమ్మే బుడగల ప్లాస్టిక్ చుట్టే పంపాలట. ఆ రెండిటి వెలకి ఇంకో పది పక్షులు కొనుక్కోవచ్చు.

పక్షులు ఇరవై రెండు. సంతల్లో, పాత సామాను కొట్లలో ఏరి ఏరి కొన్నా. మా అక్క కోసం. నాకు ఆరేళ్లప్పుడు అక్క గాజు చిలక పగిలింది. నేనే పగలగొట్టానని తేల్చారు. అరవై ఎనిమిదేళ్లుగా అక్కది ఒకటే పాట: "వాడి చేతికి ఏమీ ఇవ్వకండి, పగలగొడతాడు." నా పెళ్లిలో పెళ్లికూతురు చెవిలో కూడా ఇదే ఊదింది.

ఇంకో నలభై రోజుల్లో అక్కకి ఎనభై నిండుతాయి. ఆ రోజుకి ఇరవై రెండూ చెక్కుచెదరకుండా అక్క బల్ల మీద ఉండాలి.

నేను నలభై ఏళ్లు సైకిల్ మీద కొట్లకి గుడ్లు వేశా. ఒక్కోదానికి పాత పేపరు చుట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, పెట్టె గోడకి నాలుగు వేళ్ల ఎడం వదిలి కడతా. కట్టాక చెవి దగ్గర పెట్టి ఊపుతా. పెట్టె నోరెత్తకూడదు. నోరెత్తితే విప్పి మళ్లీ కడతా. పక్షుల్నీ అలాగే కట్టా, నా పెట్టె తీసుకోమని చెప్పండి.

ఇట్లు,
గుడ్ల తాత

తా.క. ఆ అమ్మాయి మంచిదే. తప్పు మీది.

* * *

శ్రీయుత గుడ్ల వ్యాపారి గారికి,

మీ ఉద్యోగ దరఖాస్తు అందినది. ప్యాకింగులో మీ నలభై ఏళ్ల అనుభవాన్ని గమనించాము. ప్రస్తుతం ఖాళీలు లేవు. పైగా వయోపరిమితి ముప్పై అయిదు. గాజు పక్షుల సేకరణను మీ అభిరుచుల కింద నమోదు చేశాము.

ఇట్లు,
ప్రాంతీయ పార్సెల్ అధికారి

తా.క. సిఫార్సుగా మీరు ఉటంకించిన మీ అక్కగారి మాట ఈ ఉద్యోగానికి అంత అనుకూలంగా లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.

* * *

పార్సెల్ ఆఫీసు ఆయనకి,

సగం నమస్కారం.

నాకు రాయడం రాదని ఇన్నాళ్లూ సిగ్గుపడేవాణ్ణి. మీకు చదవడం రాదని ఇప్పుడు తెలిసింది. నేనడిగింది ఉద్యోగం కాదు. నా పెట్టె తీసుకోమని.

మాటలతో పని కాదని ఇవాళ మీ పేరుకే ఒక పెట్టె వేశా. అందులో పన్నెండు పచ్చి గుడ్లు. అమ్మాయి మీ రూల్సు పుస్తకం అటూ ఇటూ తిప్పింది. గాజు ఉంది, పింగాణీ ఉంది, అద్దం ఉంది, గుడ్డు లేదు. నోరు మూసుకుని ముద్ర వేసింది. విప్పి చూసి, ఏమైందో మీ నోటితో మీరే చెప్పండి. ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది.

ఇట్లు,
ఉద్యోగం అక్కర్లేని గుడ్ల తాత

తా.క. పెట్టె మీద "జాగ్రత్త" అని రాయలేదు. అది చూస్తే మీవాళ్లకి విసరాలనిపిస్తుందని నా అనుమానం.

* * *

శ్రీయుత గుడ్ల వ్యాపారి గారికి,

మీ పార్సెల్ అందినది. ముగ్గురు సాక్షుల సమక్షంలో విప్పి లెక్కించగా గుడ్లు పన్నెండు, పగిలినవి సున్నా. సాక్షుల సంతకాలు జతచేయడమైనది.

ఉద్యోగం ఆశించి అధికారికి కానుకలు పంపుట నేరము. మీ వయసును దృష్టిలో ఉంచుకుని ఈసారికి చర్య తీసుకోవడం లేదు. అవే పన్నెండు గుడ్లను ఆఫీసు ఆమోదించిన పెట్టెలో, ఆమోదించిన బుడగల ప్లాస్టిక్ చుట్టి, ఆఫీసు ఖర్చుతో మీకు తిప్పి పంపుతున్నాము.

ఇట్లు,
ప్రాంతీయ పార్సెల్ అధికారి

తా.క. మీ రంపపు పొట్టు కొంత నా సొరుగులో పడింది. అది కానుక కిందికి వస్తుందా రాదా అని పైవారికి రాశాము.

* * *

పార్సెల్ ఆఫీసు పెద్దాయనకి,

రెండు చేతులా నమస్కారం. మీరు చేసిన సాయం సొంత తమ్ముడు కూడా చెయ్యడు.

మీ పెట్టె వచ్చింది. తెచ్చినతను చొక్కా మీద కారకుండా చేతులు బారగా చాపి పట్టుకొచ్చాడు. వీధి మొదట్లోనే లోపల గలగల వినిపించింది. దారి పొడుగునా మాట్లాడుతూనే వచ్చి ఉంటుంది మీ పెట్టె. పన్నెండుకి పన్నెండూ పోయాయి. బుడగలు మాత్రం ఒక్కటి పగిలితే ఒట్టు.

అవే గుడ్లు, అదే దారి. నా పెట్టెలో ఒక్కటీ పగల్లేదని ముగ్గురి సంతకాలతో మీరే రాసిచ్చారు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించా. ఇంకా పదహారు రోజులుంది. నా పక్షుల్ని నా పెట్టెలో తీసుకుంటారా, లేకపోతే ఆ ఫ్రేమునీ మీ పెట్టెనీ పక్కపక్కన పెట్టుకుని మీ కౌంటరు ముందు కూర్చోనా?

ఇట్లు,
గుడ్లు లేని గుడ్ల తాత

తా.క. కాస్త తొందరగా తేల్చండి. మీ పెట్టె వాసన మొదలైంది.

* * *

తాతగారికి,

నమస్కారాలు. కౌంటరుకి ఫోన్ చేసి చెప్పాను. మీ పెట్టె మీరు కట్టినట్టే, మామూలు పార్సెల్ ఖర్చుతోనే వెళ్తుంది. మీ మొదటి ఉత్తరం మళ్లీ చదివాను. ఈసారి చివరిదాకా.

ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంతది. వచ్చే నెల నాకు బదిలీ. మా అమ్మ దాచుకున్న పింగాణీ కప్పులు పదహారు ఉన్నాయి. కిందటి బదిలీకి ముందు ఇరవై నాలుగు. ఆమోదించిన పెట్టెలోనే పంపాను. అప్పటినుంచి అమ్మ నాకు స్టీలు గ్లాసులోనే టీ ఇస్తోంది. మీరు ఒక్కసారి చెయ్యి వెయ్యగలరా?

మీ,
పార్సెల్ అధికారి

తా.క. పొట్టు కానుక కాదని పైవారు తేల్చారు. ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరు.

* * *

అబ్బాయీ,

ఆశీస్సులు.

ఇరవై రెండూ చేరాయి, ఒకరోజు ముందే. అక్క ఫోన్ పట్టుకునే ఒక్కోటీ విప్పింది. ఎక్కడో ఒక తోకైనా విరిగి ఉంటుందని పాపం చాలా ఆశపడింది. ఇరవై రెండోదీ విప్పి బల్ల మీద పెట్టింది. అప్పుడంది: "ఒరే, ఆ చిలకని పగలగొట్టింది నువ్వు కాదురా. నా జడ తగిలి పడింది. నువ్వు పక్కనే ఉన్నావని నీ పేరు చెప్పా."

నలభై ఏళ్లు గుడ్లు మోశా. అరవై ఎనిమిదేళ్లు అక్క జడ చేసిన పని మోశా. అయినా కోప్పడలేదు. మా ఆవిణ్ణి పిలిచి, స్పీకరు పెట్టి, "అక్కా, ఇంకోసారి చెప్పు" అన్నా. మూడుసార్లు చెప్పించా. వీధి తలుపు తీసే ఉంది. మూడోసారికి పక్కింటివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

మా ఆవిడ అంతా విని, "పగలగొడతారని పెళ్లయినప్పటినుంచి మీ చేతికి ఒక్క గాజుగ్లాసు కడగడానికి ఇవ్వలేదు. ఇవాళ్టినుంచి అన్నీ మీవే" అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. కడుగుతున్నా. ఇంతవరకూ ఒక్కటీ పగల్లేదు.

ఆదివారం అమ్మనీ కప్పుల్నీ తీసుకురా. కప్పులు అమ్మ ఒళ్లో పెట్టు, నువ్వు ముట్టుకోకు. పొట్టు నా దగ్గరుంది.

ఇట్లు,
ఏమీ పగలగొట్టని గుడ్ల తాత

తా.క. బాకీ తీర్చుకుంటానని అక్క నాకొక గాజు చిలకని పంపింది, మీ ఆమోదించిన పెట్టెలో. శనివారం వస్తుందట. ఆదివారందాకా విప్పను. నీ ముందే విప్పుతా. చీపురు నువ్వు తెచ్చుకో.