తిప్పన్న సంతకం

అనంతపురం
12 జూన్ 2001

పూజ్యురాలైన నాగలక్ష్మమ్మ గారికి,

దివాకర్ నమస్కారాలు. మీవారు తిప్పన్న గారు వేసిన నాటకాలు చూస్తూ పెరిగిన నన్ను మీరు మరిచిపోయి ఉండరు. ప్రముఖుల సంతకాలు సేకరించేవాళ్లకు ఏది అసలో, ఏది నకిలీయో చెబుతుంటాను. ఇప్పుడు ఆ విద్యను పుస్తకంగా రాస్తున్నాను. అందులో ఒక అధ్యాయం తిప్పన్న గారి సంతకం మీదే. అలవాటైన చేయి ఆగకుండా సాగుతుంది. చూసి దించేవాడు అక్షరం అక్షరానికీ కలం ఎత్తుతాడు, గీత వణుకుతుంది. ఆయన పేరులోని ఒత్తులు ఎంత ధారగా జారుతాయో మీకు తెలుసు. పోల్చి చూపడానికి ఆయన రాసిన ఉత్తరం ఒక్కటి పంపగలరా?

మీ బిడ్డలాంటివాడు,
దివాకర్

గోరంట్ల
25 జూన్

నాయనా దివాకర్,

ఇక్కడ ఇంకా చినుకు పడలేదు. వేరుశనగ విత్తనక్కాయ సంచుల్లోనే ఉంది.

ఇన్నేళ్లు దాచింది నీకు చెబుతున్నాను. ఆయనకు చదువు రాదు. పద్యాలన్నీ నేను చదివి వినిపిస్తే పట్టేవాడు. ఎవరైనా ఫోటో మీద సంతకం అడిగితే, "నింపాదిగా చేసి పంపిస్తాలేప్పా" అని సంచిలో వేసుకొచ్చేవాడు. చేసింది నేను. నీకు నచ్చిన ఒత్తులు నావే.

ఆయన తన చేత్తో పెట్టింది ఒక్కటే. చివరి నెలలో, ఆసుపత్రిలో, నాచేత పలక మీద తన పేరు దిద్దించుకున్నాడు. "నేను పోయినాంక నాదని ఒక అక్షరమన్నా ఉండల్ల గదా" అనేవాడు. పదకొండు రోజులకు రాయడం వచ్చింది. తనను కడిగి తుడిచిన ఆయా భద్రమ్మకు ఫోటో మీద రాసిచ్చాడు. దాన్ని ఒక్కసారి చూడాలని ఉంది. ఆమె ఎక్కడుందో కనుక్కుంటావా?

ఆశీస్సులతో,
నాగలక్ష్మమ్మ

అనంతపురం
9 జూలై

అమ్మా,

ఈ నాలుగు ముక్కలు రాయడానికి వారం పట్టింది. రెండేళ్ల కిందట భద్రమ్మ ఆ ఫోటోతో నా దగ్గరికే వచ్చింది. ఆయాకు ఆయన సంతకం ఎక్కడిదని ఎవరో చూడకుండానే ఎగతాళి చేశారట. భూతద్దం పెట్టి చూశాను. అక్షరానికొకసారి కలం ఎత్తిన గుర్తు, వణుకు, కాగితం చిరిగేంత ఒత్తిడి. నకిలీ అన్నాను.

"నేనే రాసినానని ఆయప్పే చేతికిచ్చినాడు సార్" అంది. అందరూ అలాగే చెబుతారన్నాను. నకిలీలు మళ్లీ చేతులు మారకూడదని ముక్కలు చేయడం నా పద్ధతి. ఆమె ఎదుటే కత్తిరించాను.

ఏం చేయమంటారో చెప్పండి.

దివాకర్

గోరంట్ల
2 ఆగస్టు

నాయనా,

నిన్ను తిట్టాలని మూడు కార్డులు పాడుచేశాను. ఆయన రాసిన వేళ నేను మందులకు పోయాను. తిరిగొచ్చేసరికి ఫోటో భద్రమ్మ సంచిలోకి పోయింది. చూపించమని అడగలేదు. పలక మీదివన్నీ నేనే తుడిచేశాను. ఆ సంతకం చూసినవాళ్లు మీరిద్దరే.

నా సంతకాలను ఆయనవనే రాసుకో. గోడలకు తగిలించుకున్నవాళ్ల మనసు విరవొద్దు. భద్రమ్మకు మాత్రం నిజం చెప్పిరా.

నాగలక్ష్మమ్మ

అనంతపురం
19 ఆగస్టు

అమ్మా,

పుస్తకం ఆపేశాను. భద్రమ్మ రాప్తాడులో కూతురి దగ్గర ఉంది. పోయి అంతా చెప్పాను. ఎవరిచేతో గీయించిన కాగితాన్ని తనకు అంటగట్టాడని ఆమె ఈ రెండేళ్లూ ఆయన మీద కోపం పెట్టుకుని ఉంది. ఆయన పలక పట్టుకుని దిద్దిన సంగతి చెబితే నా ముఖంలోకి చూసింది.

"ఆ పొద్దు అద్దం పెట్టి చూసి కాదంటివి. ఇప్పుడు కాగితమే లేదు, ఔనంటాండావు. నీ మాట ఎట్ల నమ్మేది సార్?" అంది.

ఎంత చెప్పినా వినలేదు. లేచి వచ్చేశాను.

క్షమించమని అడగలేని,
దివాకర్