ఇంటర్వెల్‌లో మామయ్య

చోడవరం, ఆదివారం రాత్రి

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మధ్యాహ్నం మామయ్యతో కలిసి మ్యాట్నీకి వెళ్లాను. సినిమాలో చచ్చిన పాపి ఒకడు యముణ్ణి బతిమాలుకుని, చేసిన తప్పులు దిద్దుకోవడానికి మళ్లీ భూమ్మీదికి వస్తాడు. హాలంతా పడీ పడీ నవ్వింది. మగవాళ్ల వైపు కూర్చున్న మామయ్య మాత్రం నవ్వలేదట, తర్వాత ఆయనే చెప్పారు.

ఇంటర్వెల్‌లో ఆయన ఆడవాళ్ల బెంచీల వైపు వచ్చారు. నాకోసమే అనుకుని లేచాను. నన్ను దాటిపోయి, వెనక బెంచీలో వేరుశనక్కాయలు వలుస్తున్న పెద్దావిడ ముందు ఆగారు.

"సత్యవతీ, పిల్లల్లేరని నిన్ను ఒగ్గేసేను. తప్పు సేసేను."

ఆయన మొదటి భార్య మాడుగులలో ఉంటుందని విన్నానుగానీ మనిషిని చూడటం ఇదే తొలిసారి.

ఆవిడ తొణకలేదు. "సినిమా సూసి అంటన్నావేమో. అయిపోయేక కూడా ఆ మాటొస్తే అప్పుడు సెప్పు. పక్కకి జరుగు."

ఆట అయ్యాక మామయ్య గేటు దగ్గర నిలబడి, అందరి ముందూ మళ్లీ అదే మాట అన్నారు. "ఇన్నాను" అని ఆవిడ బస్సెక్కేసింది.

ఇంట్లో అన్నం తింటూ ఆయనే అత్తయ్యకి అంతా చెప్పేశారు. పెద్ద గొడవవుతుందనుకున్నాను.

అత్తయ్య కూర గిన్నె కింద పెట్టారు. తర్వాత నెమ్మదిగా, "సినిమాకి నన్నూ తీసుకెల్లుంటే బాగుణ్ణు. ఆవిడ పెట్టె పట్టుకుని ఎల్లిపోతంటే, ఈ గుమ్మంలో నిలబడి నవ్విందాన్ని నేనే గదా" అన్నారు.

మామయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

పడుకోబోయే ముందు అత్తయ్య నన్ను పిలిచి, పొద్దున్న మాడుగుల బస్సు ఎన్నింటికని అడిగారు. ఆవిడ తలుపు తీస్తుందో లేదో...