నలభై మంది విన్న గంట

జెలెన్ బ్రెగ్, మే 4

సాగు సహాయ కార్యాలయంలోని డమ్యాన్‌కు,

నీ లాటిన్ టీచరమ్మను. మా ఆయన ఉన్న రోజుల్లో వడగళ్లు పదేళ్లకోసారి పడేవి. ఇప్పుడు పోస్టుమాన్ కంటే క్రమం తప్పకుండా వస్తున్నాయి. వరసగా రెండేళ్లు ఆపిల్ పంట పోయింది. చెట్ల మీద వల కప్పించాలంటే ఆరువేల యూరోలు. సగం మీరిస్తారట. ఈ ఏడూ పంట పోతే తోట అమ్ముకోవడమే. దరఖాస్తు ఇందులో ఉంది.

ఒటీలియా వ్రెచ్కో

తా.క.: "ఇప్పుడున్న రక్షణ" గడి ఖాళీగా వదిలితే చెల్లదన్నారు. "చర్చి గంట" అని రాశాను. మబ్బు పట్టగానే గంట కొట్టి వడగళ్లను తరిమే పని యాభై ఏళ్లుగా నాదే కదా.

మే 20

గౌరవనీయులైన టీచరమ్మ గారికి,

మీకు రక్షణ ఇప్పటికే ఉన్నందున వల మంజూరు కాదు. గంట పాడైతే దాని మరమ్మతుకు మాత్రం ఇస్తాం.

విధేయుడు, డమ్యాన్

తా.క.: గంట ఎంత దూరం పనిచేస్తుంది? పటంలో గుండ్రం గీయాలి.

మే 27

ఒరే డమ్యాన్,

నిన్ను మూడుసార్లు ఫెయిల్ చేసి నాలుగోసారి జాలిపడ్డాను. ఆ జాలి ఇప్పుడు సర్కారు జీతం తీసుకుంటోంది. గంట పక్కూరు దోలెంత్సే దాకా వినపడేది. మబ్బును వాళ్ల మీదికి తోలేస్తున్నామని తాతల నాటినుంచీ మామీద వాళ్లకు ఏడుపే.

ఒటీలియా

తా.క.: గుండ్రం పళ్లెం బోర్లించి గీయి. నీ చేయి సంగతి నాకు తెలుసు.

జూన్ 25

టీచరమ్మా,

కొంప మునిగింది! పదిహేనో తేదీన దోలెంత్సేలో వడగళ్లు పడ్డాయి, మీ ఊళ్లో పడలేదు. మా పటంలో గుండ్రం చూపించి, సర్కారు గుర్తించిన గంటే మబ్బును తోలిందని నలభై మంది నష్టపరిహారం అడుగుతున్నారు. ఆ మధ్యాహ్నం గంట మోత చెవులారా విన్నామని సంతకాలు కూడా పెట్టారు. మీరు ఇక గంట ముట్టనని రాసిస్తే వల ఖర్చు మొత్తం మాదేనని డైరెక్టర్ గారి మాట.

మీ డమ్యాన్

తా.క.: దయచేసి. మా అత్తగారిది దోలెంత్సే.

జూలై 18

నాయనా డమ్యాన్,

రాసిచ్చాను, వల కప్పారు. తోట నిలబడింది. ఈసారి నిన్ను జాలి లేకుండానే పాస్ చేస్తున్నాను.

ఒటీలియా

తా.క.: దోలెంత్సే వాళ్లకు పైసా ఇవ్వకు. గంట లోపల కొట్టుకునే ఇనప నాలుక ఫిబ్రవరిలోనే ఊడిపడింది. మేలో నువ్వడిగినప్పుడే చెబితే మరమ్మతు చేయించి మళ్లీ నాచేతే కొట్టించేవాడివి. ఆ నాలుక మా వంటింట్లో, క్యాబేజీ ఊరేసిన పీపా మీద బరువుగా ఉంది. వచ్చి ఫోటో తీసుకో. ఆ నలభై మందీ విన్నదేమిటో వాళ్లనే అడుగు.