కోర్టు టీవీలో నీ కొడుకు

అత్తా,

అన్నం, పులుసు పొయ్యి పక్కన పెట్టాను. తిని బీపీ మాత్ర వేసుకో. నా కోసం కూర్చోకు. రేషన్ కార్డు నేనే తీసుకెళ్తున్నాను, దరఖాస్తుకి కావాలన్నాడు వకీలు, దానికోసమే కోర్టు నుంచి ఇంటికొచ్చాను. నాలుగింటిలోగా దరఖాస్తు ఇస్తే, రేపు నీ కొడుకుని జైలు నుంచి కోర్టుకే తీసుకురమ్మని జడ్జిగారు రాయొచ్చట. అందుకే లాంచీకి పరిగెడుతున్నాను.

ఆయన్ని పోలీసు వ్యానులో తెచ్చినన్నాళ్లూ కోర్టు వరండాలో ఒక్క నిమిషమైనా చెయ్యి పట్టుకునేదాన్ని. మూడు వాయిదాల నుంచీ ఆయన్ని జైల్లోనే కూర్చోబెట్టి, మనకి కోర్టు గోడ మీద టీవీలో చూపిస్తున్నారు. పోయినసారి నువ్వు "టీవీలో సూసినావు గదా, ఇంకేటి కావాల?" అన్నావు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటోంది. ఈరోజు ఏం చూశానో విను. కుడిచెయ్యి ఒంటికి అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. జడ్జిగారికి ఎడమ చేత్తో దండం పెట్టాడు. "ఏమైనా చెప్పుకోవాలా?" అని అడిగితే "ఏటీ నేదు బాబూ" అన్నాడు. పక్కన ఎవరు నిలబడి ఉన్నారో టీవీలో కనపడదు కదా. ఆ చెయ్యి విరిగిందో ఏమో. రేపు దగ్గరగా చూడకపోతే నాకు పిచ్చెక్కిపోతుంది అత్తా.

తవిటమ్మ

వేరే ఎవరో చెప్పేలోగా నేనే చెప్తున్నాను. టీవీ ఆపేస్తుంటే ఆగలేక, అందరి ముందూ "సోములూ!" అని మొగుణ్ణి పేరు పెట్టి కేకేశాను. కోపగించుకోకు. మన వైపు మైకు అప్పటికే కట్టేశారట. ఆయన తల కూడా తిప్పలేదు.