స్వప్న ప్రసంగం ఎందుకు ఆగాలె

మన ఊరి మాటల్లో రాసుకున్న నీ ప్రసంగాన్ని సగంలో ఆపి, తరగతి మొత్తం నవ్వుతుంటే "కూర్చో, ముందు భాష నేర్చుకొని రా" అన్నాడు చూడు మీ సారు, ఆయన చేసింది తప్పు. ఆ మాట విని, మండల పోటీకి నీ బదులు ఇంకొకరి పేరు పంపమని నువ్వు తలూపి వచ్చావే, అది ఇంకా మండుతోంది. స్వప్నా, నీ ఉత్తరం డ్యూటీ దిగి వచ్చాక చదివాను. వెంటనే కలం పట్టాను.

బాపు దగ్గు తగ్గిందా? అవ్వ మోకాళ్లు ఎట్లున్నాయి? నా గురించి ఫికర్ పెట్టుకోవద్దని చెప్పు. గోదావరిఖనిలో ఎండకు రేకుల గది పెనంలా కాలుతుంది, ఆరేసిన అంగీ మీద బొగ్గుపొడి వాలుతుంది, అయినా ఒంట్లో బాగానే ఉంది. వంట నేనే. పప్పులో ఉప్పెక్కువైందని తిట్టేవాళ్లు లేరు, అదొక్కటే లోటు. ఎవరైనా ఇటు వస్తుంటే అవ్వ చేతి ఎల్లిపాయ కారం పంపండి. బాగానే ఉన్నాను, మళ్లీ చెబుతున్నాను.

పోయిన ఎండాకాలం నేను ఇంటికొచ్చినప్పుడు నువ్వు అడిగావు: "అన్నా, బాపు ఒక తీరుగ మాట్లాడుతడు, బొంబాయిల ఉండొచ్చిన పెద్దమ్మ ఒక తీరుగ, టీవీల ఇంకో తీరుగ. అసలు ఏది కరెక్టు?" నాకు తెలియక "పోవే, చదువుకో" అన్నాను. ఇక్కడి లైబ్రరీలో భాషాశాస్త్రం మీద ఒక పుస్తకం దొరికింది. సగమే అర్థమైంది. ఆ సగం చాలు. చెట్లను చదివేవాడు వేపచెట్టు ముందు నిలబడి, నువ్వు మామిడిలా ఎందుకు లేవని తిట్టడు. అది ఎట్లా పెరిగింది, ఎందుకట్లా ఉంది అని చూస్తాడు. భాషను చదివేవాడూ అంతే, ముందు వింటాడు. నువ్వు ఆ ప్రశ్న అడిగిన రోజే ఆ శాస్త్రంలో కాలు పెట్టావు. మీ సారు ఇంకా గడప బయటే ఉన్నాడు.

మా పక్క గదిలో ఒడిశా నుంచి వచ్చిన నాతో గనిలో పనిచేసే మనిషి కుటుంబం ఉంటుంది. వాళ్ల పాపకు ఇంకా బడి వయసు రాలేదు. అమ్మతో ఒడియా, నాతో తెలుగు, పాలవాడితో హిందీ మాట్లాడుతుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాతో అనేది అచ్చం మన మాటే: "కాకా, జల్ది రా, బువ్వ తిందం." దాన్ని పట్టుకొని ముందు భాష నేర్చుకో అంటాడా మీ సారు?

పోయిన వారం గనిలో జరిగింది కూడా విను. మాది కాంట్రాక్టరు కింద సొరంగం తవ్వే గ్యాంగు. డ్రిల్లు మోతలో ఎవరి నోరూ ఎవరికీ వినబడదు. అందుకే హెల్మెట్ మీది లైటుతో మాట్లాడుకుంటాం. పైకీ కిందికీ ఊగితే రమ్మని, పక్కలకు ఊగితే ఆగమని. ఇది ఆ వెలుతురులోనే ఉన్న అర్థం కాదు, మేమందరం ఒప్పుకొని పెట్టుకున్న అర్థం. మాటలన్నీ అట్లా ఒప్పుకొని పుట్టినవేనట. డ్రిల్లు ఆగిన సందులో, కొత్తగా చేరిన సమ్మయ్యకు మా ముఠా పెద్ద పక్కన నిలబడి పని చెప్పాడు. సమ్మయ్య అలవాటుగా సరేనని తల అటూ ఇటూ ఆడించాడు. లైటు పక్కలకు ఊగడం చూసి, అవతల రాళ్లు మోసే బండి నడిపేవాడు టక్కున ఆపేశాడు.

"ఏందిరా, బండెందుకు ఆపినవ్?"

"నేనేడ ఆపిన కాకా, సరే అన్న గంతే."

"సరే అంటె నోటితోటి అను. ఈడ తలకాయ ఊపితె ఆగుడే. ఇంట్ల నీ పెండ్లాం ముంగట ఊపుకో."

అందరం నవ్వాం, సమ్మయ్య కూడా నవ్వాడు. తర్వాత పెద్దాయన పక్కన నిలబడి ఏ ఊపుకు ఏ అర్థమో చూపించాడు. అతన్ని పైకి పంపించేయలేదు, నీకు చేతకాదు పో అనలేదు. నేర్పడమంటే అది. మీ సారు చేసింది నోరు మూయించడం. ఆయనదీ మన జిల్లానే, వాళ్లవ్వతో ఏ భాషలో మాట్లాడతాడో అడగాలనిపిస్తోంది.

ఈ కోపం ఆయనొక్కడి మీదే కాదు. ఇక్కడి ఆఫీసులో నేను నోరు విప్పగానే క్లర్కు పక్కవాణ్ని చూసి నవ్వుతాడు. జ్వరమొచ్చినా సెలవు అడగబుద్ధి కాదు. ఒక మాటకు మర్యాద ఎక్కువ, ఒక మాటకు తక్కువ అని తేల్చేది కుర్చీలో ఉన్నవాళ్లు, భాష కాదు. ఈ ఉత్తరం నేను పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను, దానితో నాకు తగవు లేదు. నువ్వూ అది నేర్చుకో, పరీక్షలకు కావాలి. కానీ "మా ఊర్ల బోర్లు ఎండినయి, ఆడోళ్లు బిందెలు పట్టుకొని పొద్దంత నిలవడుతున్నరు" అని నువ్వు రాసుకున్న ముక్క వేరే ఎట్లా చెప్పినా అంత గట్టిగా తగలదు. నీ బదులు వెళ్లే పిల్ల ఆ బిందె మోయలేదు.

తరగతిలో ఇప్పుడు నోరే తెరవడం లేదని రాశావు. అది నేను ఒప్పుకోను.

పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. బాపు ఆశీర్వాదం ఈసారి నాకు కాదు, నీకోసం అడుగు.

ఈ ఉత్తరం అందిన తెల్లారే బడికి పోగానే సారు ముందు నిలబడు. "సార్, పోటీకి నా పేరే పంపుండ్రి, నేనే మాట్లాడత" అను. అవ్వను వెంట తీసుకుపో, ఒక్కదానివే వద్దు. వచ్చే శుక్రవారం సాయంత్రం కిరాణా కొట్టు మల్లేశం కాక ఫోనుకు చేస్తాను. ఎత్తేది నువ్వే కావాలి. పేరు ఇచ్చినవా లేదా, ఒక్క ముక్క చెప్పు. లేదంటే శనివారం డ్యూటీ మానేసి మీ బడికే వస్తాను.

నీ అన్న,
రాజేశం