మేము, మనం

సెమరాంగ్, జావా, 1926 అక్టోబర్ 4
పోలీసు కమిషనర్ పిలిపించాడు. నేల మీద కాకుండా కుర్చీలో కూర్చోమన్నాడు. అప్పుడే అనుమానం వచ్చింది. చక్కెర మిల్లు మీద నేను రాసిన వ్యాసం సంగతి ఎత్తాడు. ఈ డచ్చి దొర మన మలయ్ మాట్లాడితే నోట్లో వేడి చిలగడదుంప ఉన్నట్టుంటుంది. 'మేము ఇక చెరుకుకి పొలాలివ్వం' అన్నావుగా, ఆ మేములో ఎవరెవరున్నారు అని అడిగాడు. నేనొక్కడినే అన్నాను. నవ్వి పంపేశాడు.

అదే రోజు, సాయంత్రం
పేపర్ తీసి చూశాను. అచ్చయింది 'మనం ఇక పొలాలివ్వం' అని. ఇంట్లో మేము అనే రాశాను. ప్రెస్‌కిచ్చే సాఫు ప్రతిలో మనం చేశాను. మేము అంటే చదివేవాడు గట్టున నిలబడి చూస్తాడు. మనం అంటే వాడూ దిగాల్సిందే.
మరి దొర నోట మేము ఎలా వచ్చింది? మొదటి ప్రతి విన్నది ఇద్దరే. నా భార్య సుమిరా, ఆ పూట భోజనానికి వచ్చిన విర్యో. విర్యో మా పేపర్లోనే విలేఖరి. నాకు తమ్ముడితో సమానం.

అక్టోబర్ 6
సుమిరా సంత నుంచి ఆలస్యంగా వచ్చింది. ఎక్కడికెళ్లావన్నాను. మొగుడు అడిగినట్టు లేదు, పోలీసు అడిగినట్టుంది అంది. వేయించిన సోయా తెంపె ముక్క నా కంచంలో పడేసి వెళ్లిపోయింది.
తనకి డచ్చి ముక్క రాదు. విర్యో డచ్చి బడిలో చదివాడు.

అక్టోబర్ 9
విర్యో కొత్త చెప్పులతో వచ్చాడు. ఎవరిచ్చార్రా అంటే మా మామగారు అన్నాడు. ఆ మామ ఎంగిలి చేత్తో కాకిని తోలడు. అన్నా అన్నట్టు మాస్ మాస్ అంటూ, దొర నిన్నేమడిగాడు, చెప్పు అని ఒకటే గొడవ. స్నేహితుడికి అంత ఆరా దేనికి?

అక్టోబర్ 11
విర్యో మీద పేపర్లో రాసేశాను. పేరు పెట్టలేదు. డచ్చి బడి, కొత్త చెప్పులు, దొరగారి చెవి అన్నాను. ఊరికి అర్థమైంది.
అతన్ని ఒక్క మాట అడగాల్సింది అని సుమిరా అంది. అడిగితే స్పై నేనే అంటాడా అన్నాను.

అక్టోబర్ 20
కాఫీ కొట్లో విర్యో పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. మామగారు కూతుర్ని తీసుకుపోయాడట. నాకేం జాలి వేయలేదు. కొంచెం వేసింది.

డిసెంబర్ 2, జైలు
తిరుగుబాటు జరిగిందని జావా అంతా అరెస్టులు. నన్నూ పట్టుకున్నారు. ఇవాళ కమిషనర్ మళ్లీ పిలిచాడు. కూర్చో, మేము కాఫీ తాగుదాం, మేము మాట్లాడుకుందాం అన్నాడు.
డచ్చి భాషలో రెంటికీ ఒకటే మాట. దొర మనం అని చదివి మేము అని పలికాడు. అంతే. ఎవరూ ఏమీ మోయలేదు.

1927 మార్చి, ఓడలో
తూర్పున దిగుల్ అడవిలో ఖైదీల శిబిరానికి పంపేస్తున్నారు. ఓడ అడుగున విర్యో కనిపించాడు. దొర మనిషినైతే దొర నన్నిలా పంపుతాడా అని అందర్నీ అడుగుతున్నాడు. మన మాటలు మొయ్యడానికే ఎక్కించారు అంటున్నారు మిగతావాళ్లు. అందరూ అతని మీద నా వ్యాసం చదివినవాళ్లే. అతనితో ఎవరూ తినరు.
లేచి నిలబడి చెప్పాను. తప్పు నాది, ఇతను ఏ పాపం ఎరగడు అన్నాను. ఒక పెద్దాయన నన్ను పైకీ కిందికీ చూశాడు. ఇన్నాళ్లూ లేని జాలి ఇప్పుడు పుట్టుకొచ్చిందేం నాయనా, నీకూ వాటా ముట్టిందా అన్నాడు.

మర్నాడు
నా కంచం కూడా విర్యో పక్కన పెట్టారు. వెళ్లి కూర్చున్నాను.
విర్యో తన కంచం తీసుకుని దూరం జరిగాడు.